విప్పందే నమ్మని బాలకిషన్

బాలకిషనన్న దేన్నయినా విప్పుతాడు. ఈ ఒక్క మాట తెలిస్తే ఆయన గురించి ముప్పాతిక తెలిసినట్టే. మీ చేతిలో గొడుగు ఉందనుకోండి. ఆయన కళ్ళు గొడుగు మీద ఉండవు, పిడిలో ఉన్న చిన్న మర మీద ఉంటాయి. మీరు వానల గురించి మాట్లాడుతుండగానే ఆయన బొటనవేలి గోరు ఆ మర గాడిలో దిగుతుంది. చినుకు పడే వేళకు మీ చేతిలో గొడుగు ఉండదు, గొడుగు భాగాలుంటాయి.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో మా దుకాణాలు ఒకే గోడకు అటొకటి, ఇటొకటి. ఆయనది కుట్టుమిషన్ల రిపేరు. నాది మిక్సీలు, ఫ్యాన్లు. ఈ పని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. చెడగొట్టిన ప్రతిసారీ గోడ అవతల నుంచి ఒకటే మాట వినబడేది.

"మళ్ళ ఇప్పు."

నేనేం చెడగొట్టానో ఆయనకు కనబడేది కాదు. నా నిట్టూర్పు వినబడితే చాలు.

చిరాగలీ లేన్‌లో జాకెట్లు కుట్టే అనసూయమ్మ ఒకసారి మిషన్ మోయించుకొచ్చింది. సూది విరిగింది, కొత్తది వెయ్యమంది. పావుగంటలో మిషన్‌లో ఉన్నవన్నీ పాత చీర మీద పరిచేశాడు.

"అయ్యో, సూది మార్చమంటే సంసారమంతా బయట పెట్టినవేంది?"

"సూది ఎందుకిరిగిందో నువ్వు చెప్తే ఎట్లమ్మా? మిషన్ చెప్పాలె."

"మిషన్ ఏం చెప్తది? నేను పండుగ జాకెట్లు ఇయ్యాలె."

చివరికి మిషన్ చెప్పింది. అంతకుముందెప్పుడో విరిగిన సూది ముక్క ఒకటి అడుగున చక్రంలో ఇరుక్కుని, వచ్చిన ప్రతి సూదినీ విరగ్గొడుతోంది. బాలకిషనన్న ఆ ముక్కను అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇగో, నీ ఆరు సూదులను తిన్న దొంగ."

"ఆరని నీకెట్ల తెలుసు?"

"గీతలున్నయి కదా, లెక్కపెట్టిన."

అనసూయమ్మ ఆ రోజు నుంచి సూది విరిగితే నేరుగా వచ్చి కూర్చుని తీరిగ్గా టీ తెప్పించుకునేది.

'తెరిస్తే వారంటీ చెల్లదు' అని రాసిన స్టిక్కర్లు ఉంటాయి చూశారా, వాటిని మనం హెచ్చరిక అనుకుంటాం. ఆయన పెళ్ళిపిలుపు అనుకుంటాడు. చింపిన స్టిక్కరు పారెయ్యడు. దుకాణం గోడకు, దేవుడి పటం పక్కన, వరుసగా అంటిస్తాడు. రేడియోలవి, ఇస్త్రీపెట్టెలవి, సెల్‌ఫోన్లవి. ఒకసారి కంపెనీ మనిషి ఒకడు వచ్చి ఆ గోడ చూసి, "ఏంటి సార్ ఇది?" అన్నాడు. "సర్టిఫికెట్లు," అన్నాడు బాలకిషనన్న.

ఆయన భార్య విద్యావతి వదిన మాటలో చెప్పాలంటే వాళ్ళింట్లో కొత్త వస్తువన్నదే లేదు. "వచ్చిననాడే పాతదైతది. మొన్న ఫ్రిజ్ తెస్తే కరెంటు పెట్టకముందే వెనక రేకు ఇప్పిండు. ఏమైందని అడిగితే, ఏం కాలే, పలకరిస్తున్న అన్నడు."

ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. కండక్టరు చేతిలో టికెట్ల మిషన్ మొరాయించింది. కండక్టరు దాన్ని అరచేత్తో కొట్టాడు. అంతే, బాలకిషనన్న మొహం తన సొంత పిల్లను కొట్టినట్టు అయింది.

"కొట్టకు నాయనా, ఇటియ్యి."

"మీరెవరు సార్?"

"కొట్టనోన్ని."

ఆ జవాబు విని కండక్టరు మిషన్ ఇచ్చేశాడు. చాదర్‌ఘాట్ వచ్చేసరికి మిషన్ ఆయన ఒళ్ళో, దాని మూత నా ఒళ్ళో, దాని మరలు పక్క సీటు ముసలాయన టోపీలో ఉన్నాయి. లోపల నుంచి కాగితం ముక్క తీసి, మూసి, ఇచ్చాడు. బస్సులో ఉన్నవాళ్ళందరికీ టికెట్లు చకచకా వచ్చాయి. మేమిద్దరం మా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాం.

ఇలాంటి మనిషి పక్కన ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఎన్నోసార్లు నవ్వాను, కొన్నిసార్లు విసుక్కున్నాను. పోయిన వర్షాకాలంలో నేనే రిపేరుకు వచ్చాను.

అటక మీద పాత మిక్సీ జారు కోసం నిచ్చెనెక్కాను. నిచ్చెన జరిగింది. నేను నేల మీదికి కూర్చున్నట్టే పడ్డాను. నడుములో ఏదో నలిగిన చప్పుడు నాకు లోపలి నుంచి వినబడింది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. సందులో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేశారు.

"చేతులు తియ్యిన్రి," అన్న గొంతు గోడ అవతల నుంచి కాదు, గుమ్మంలోంచి వచ్చింది. "ఇరిగినదాన్ని తెలవకుంట లేపితే ఇంకో రెండు ఇరుగుతయి. ఎవ్వరు ముట్టొద్దు. రాఘవేంద్రా, కాలివేళ్ళు ఆడియ్యి."

ఆడించాను.

"రెండోది."

అదీ ఆడింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. దుకాణం ముందున్న బల్ల చెక్కను ఊడదీసుకొచ్చి, నలుగురి చేత నన్ను కదలకుండా దాని మీదికి జరిపించాడు. నాంపల్లి వైపు దవాఖానకు ఆ చెక్క మీదే వెళ్ళాను. బల్లకున్న ఎనిమిది మరలూ నిమిషంలో తీశాడని తరవాత చెప్పారు. విప్పే చెయ్యి కాకపోతే ఆ రోజు నన్ను చేతుల మీదే మోసి ఉండేవారు.

స్కానింగులో తేలింది. నడుముకు కాస్త పైన ఒక వెన్నుపూస నలిగింది. అదృష్టం కొద్దీ నరం మీద ఒత్తిడి లేదు. కానీ పూస నిలకడగా లేదు, కట్టుతో ఆగేది కాదు, మరలు వేసి కడ్డీలతో బిగించాలి అన్నారు.

సర్జన్ పేరు డాక్టర్ అలేఖ్య. నలభై దాటని మనిషి. చేతిలో ప్లాస్టిక్ వెన్నెముక పట్టుకుని వార్డులోకి వచ్చింది. అది మంచం మీద పెట్టి, నాకూ మా ఆవిడ నాగవల్లికీ వివరంగా చెప్పసాగింది.

"రెండు పద్ధతులున్నాయండీ. ఒకటి, వీపు మీద నిలువునా పొడుగ్గా కోసి, కండరాలను ఎముక మీద నుంచి పక్కకు జరిపి, అన్నీ కళ్ళారా చూస్తూ మరలు వెయ్యడం. రెండోది, ఆరు చిన్న గాట్లు. ఎక్స్-రే తెర మీద చూస్తూ ముందు సన్నటి తీగ, ఆ తీగ దారిలో మర. కండరాలు చెక్కుచెదరవు, రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేస్తారు. ఏడాది తరవాత చూస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. మొదటి వారాల్లోనే తేడా అంతా."

"మరి మీరేదంటారు?" అన్నాను.

"మీకు రెండోదే. ఎముక ముక్క నరాన్ని నొక్కుతుంటే నేనే తెరుద్దామనేదాన్ని."

అప్పటికి మంచం అవతలి పక్క దుప్పటి మీద ప్లాస్టిక్ వెన్నెముక ఇరవై నాలుగు ముక్కలై పడి ఉంది. బాలకిషనన్న ఒక్కో పూసనూ వెలుగులో తిప్పి చూస్తున్నాడు.

"డాక్టరమ్మా, కనబడకుంట బోల్టు ఎట్ల పెడ్తరు?"

"తెర మీద కనబడుతుంది కదండీ. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి."

"అది నీడ. నీడను చూసి బిగిస్తరా?"

"నీడ చదవడం నేర్చుకుంటే బిగించొచ్చు."

"తీగ దారి తప్పితే?"

"తప్పినట్టు తెర చెబుతుంది. నాకు అనుమానం వస్తే అక్కడికక్కడే తెరుస్తాను. అందులో నామోషీ ఏం లేదు."

ఈ మాటలు చెబుతూనే ఆవిడ ఆ ముక్కలన్నీ పోగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వెన్నెముకను మళ్ళీ నిలబెట్టేసింది. చెబుతున్నంతసేపూ బాలకిషనన్న మొహమే చూసింది. చేతుల వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన విప్పినదాన్ని ఇంకొకరు బిగించడం నేను చూడలేదు.

నాకు షుగరు ఎక్కువుందని, అది అదుపులోకి వచ్చాక నాలుగో రోజు ఆపరేషన్ అన్నారు. ఆలోచించుకోవడానికి టైముంది. అదే నా కష్టం. నాగవల్లికి ఏ కత్తి పేరెత్తినా భయమే. నాకున్న భయం వేరు. నేను బల్ల ముందు వంగి కూర్చుని మోటారు చుట్టే మనిషిని. వంగలేకపోతే నేనేమిటి? మాటలతో బతకడం నాకు రాదు.

"అన్నా, నువ్వు చెప్పు. ఏది చేయించుకోను?"

బాలకిషనన్న మంచం కిందికి వంగి ఏదో చూశాడు. కాసేపటికి నర్సు స్నేహ వచ్చేసరికి మంచం కింద నుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి.

"ఎవరండీ అది? పేషెంటు పడుకున్న మంచాన్ని విప్పుతున్నారా?"

"ఇప్పుతలేనమ్మా. చక్రం బ్రేకు వదులైంది. బిగిస్తున్న."

"ముందు బయటికి రండి."

వచ్చాడు. బ్రేకు బిగిసింది. ఆయన చొక్కా వెనకంతా దవాఖాన నేల అంటుకుంది. "జర పనుంది," అని వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు మూడు రోజులు రాలేదు.

సందులో వాళ్ళంతా వచ్చి చూసిపోయారు. ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా. ఒకాయన బావమరిదికి తెరిచి చేస్తే బాగయిందట, ఇంకొకాయన మేనత్తకు తెరవకుండా చేస్తే బాగయిందట. ఆ ఇద్దరి నడుముల గురించీ నాకు అన్నీ తెలిశాయి. నా నడుము గురించి చెప్పాల్సినవాడు మాత్రం ఫోన్ కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళ స్నేహం ఇంతేనా అని మనసులో అనుకున్నాను. నాగవల్లి పైకే అంది.

నాలుగో రోజు పొద్దున ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు వచ్చాడు. వేళ్ళ నిండా పసుపు మరకలు. బొటనవేలికి కట్టు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"చెయ్యించుకో," అన్నాడు. "చిన్న రంధ్రాలదే."

"ఏంటన్నా, విప్పకుండానా? నువ్వంటున్నావా ఈ మాట?"

"నేనే అంటున్న. ఆ డాక్టరు బిడ్డకు ఇప్పి చేసుడు మస్తుగ వచ్చు. ఇప్పి చేసుడు వచ్చినోళ్ళకే ఇప్పకుంట చేసే హక్కుంటది. ఫికర్ చెయ్యకు."

"మూడు రోజులు ఎక్కడికి పోయావు?"

"మటన్ దుకాణానికి," అని, స్ట్రెచరు చక్రాల వైపు చూడటం మొదలుపెట్టాడు. స్నేహ వెంటనే స్ట్రెచరు తోసుకుపోయింది.

ఆపరేషన్ అయింది. మర్నాడు నన్ను నిలబెట్టారు. నొప్పి ఉంది, కానీ కాళ్ళు నావే, నడుమూ నాదే అనిపించింది. నాలుగడుగులు వేసి మంచం మీద వాలానో లేదో విద్యావతి వదిన పెద్ద ఫ్లాస్కు నిండా ఎముకల సూపుతో వచ్చింది.

"బొక్కల సూప్ తాగు రాఘవేంద్రా. నువ్వన్నా తాగు. మా ఇంట్ల ఇగ ఎవ్వరు తాగుతలేరు."

"ఏం వదినా?"

"మూడు దినాల సంది గదే కదా. పొద్దున సూపు, పగలు పులుసు, రాత్రి మళ్ళ సూపు. మీ అన్న నాంపల్లి మటన్ దుకాణంకెళ్ళి రోజుకింత మేక నడుం బొక్క పట్టుకొస్తడు. సోఫాల ఉన్న దూది తీసి దానికి చుట్టి, తాళ్ళతో కట్టి, నా వంటింటి బండ మీద డ్రిల్లు పెడ్తడు."

నాగవల్లి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "అన్నయ్యగారు అలా ఎందుకు చేశారు?"

"ఎందుకేంది. దూదికి చిన్న రంధ్రం చేసి, లోపలికి చూడకుంట బొక్కల మర పెట్టొచ్చా లేదా అని. పెట్టుడు, తర్వాత దూది ఇప్పి చూసుడు. మర ఎక్కడికో పోయి ఉంటది. మళ్ళ కట్టుడు. తొమ్మిది సార్లు తప్పు పోయింది. ఒకసారైతే నరం పోయే సందులకే పోయింది. గా రాత్రి అన్నం తినలే మనిషి. రాఘవేంద్ర నడుం గిట్లయితే ఏం చెయ్యాలె అని కూసున్నడు."

నేను నాగవల్లి చేతిలోని గ్లాసు అందుకున్నాను.

"తెల్లారి డాక్టరమ్మ చెప్పింది యాదికొచ్చిందట. ముందు తీగ, రెండు దిక్కుల నుంచి చూపు. ఎక్స్-రే మిషన్ మా ఇంట్ల ఎక్కడిది? నేనే ఎక్స్-రే మిషన్. సైకిల్ చువ్వ పట్టుకొని ఆయన పైనుంచి, నేను పక్కకు కూసోని బొక్క కొస చూసుకుంట, జర పైకి, జర కిందికి, ఆగు, అనుకుంట. పదోసారికి చువ్వ సక్కగ పోయింది. దాని దారిల మర పెట్టిండు. ఇప్పి చూసి ఎగిరిండు చూడు, అరవై రెండేండ్ల మనిషి. పక్కింటోళ్ళు తలుపు కొట్టిన్రు."

రౌండుకు వచ్చిన డాక్టర్ అలేఖ్య గుమ్మం దగ్గర నిలబడి వింటోందని మేం చూసుకోలేదు.

"ఆ ఎముక నా దగ్గరికీ వచ్చింది," అందావిడ నవ్వుతూ. "మొన్న సాయంత్రం ఓపీలో టిఫిన్ డబ్బా తెరిచి బల్ల మీద పెట్టారు. ఎవరో భోజనం తెచ్చారనుకున్నాను."

"ఏమన్నాడు?" అన్నాను.

"తొమ్మిది తప్పినయి, ఒకటి కుదిరింది, మీకెన్ని తప్పినయి అని అడిగారు. ఆ ప్రశ్న పేషెంట్లెవరూ నన్ను అడగలేదు. నేర్చుకునే రోజుల్లో, మనుషుల మీద కాదు, బొమ్మల మీదా దానమిచ్చిన దేహాల మీదా ఎన్ని తప్పాయో చెప్పాను. నా పాత కేసుల ఎక్స్-రేలు చూపించాను. గంట కూర్చున్నారు. పోయేముందు నా పెన్ను విప్పారు."

"రాస్తుందా ఇప్పుడు?" అంది వదిన భయంగా.

"ముందుకన్నా బాగా."

సాయంత్రం బాలకిషనన్న వచ్చాడు. నేను ఏదో అనబోయాను. ఆయనకు ఇలాంటివి గిట్టవు. నన్ను పక్కకు తిప్పించి, వీపు మీది ఆరు చిన్న ప్లాస్టర్లను దగ్గరగా చూశాడు.

"వారంటీ స్టిక్కర్లు," అన్నాడు. "చింపితే చెల్లదు." మళ్ళీ తనే, "నేను ముట్టను లే," అన్నాడు.

రెండు నెలలు ఇంట్లో ఉండమన్నారు. నడక మొదలుపెట్టాను. నడుం ఒక్కో వారం కాస్త కాస్త వంగగలిగింది. ఇక దుకాణం దిగులు పట్టుకుంది. రిపేరుకొచ్చిన మిక్సీలు చాలా ఉన్నాయి. వాటిని బాలకిషనన్న ఈపాటికి విప్పి, బాగుచేసి, ఇచ్చేసి ఉంటాడు. అందుకు సంతోషించాలి. కానీ నిజం చెప్పాలంటే చిన్న గుబులు. నాకన్నా ఆయన చెయ్యి మంచిది. ఒకసారి ఆ చెయ్యి రుచి చూసినవాళ్ళు మళ్ళీ నా దగ్గరికి ఎందుకొస్తారు?

నడుముకు బెల్టు కట్టుకుని, నాగవల్లి తోడుగా, ఒక పొద్దున దుకాణం తెరిచాను. అరల నిండా మిక్సీలు. నేను వదిలి వెళ్ళినవీ, తరవాత వచ్చినవీ. దుమ్ము లేదు. ప్రతిదాని మూత అతుకు మీదా తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది. బాలకిషనన్న వంకర రాత.

'ఇది రాఘవేంద్ర ఇప్పాలె.'

గోడ వైపు తిరిగి పిలిచాను.

"అన్నా, ఇన్ని రోజులు వీళ్ళు మిక్సీల్లేకుండా ఎలా ఉన్నారు?"

"ఎందుకు లేకుంట? నీ అటక మీద తుక్కు ఉండె కదా. అవన్ని ఇప్పి, కలిపి, పదిహేను మిక్సీలు చేసిన. వాళ్ళకు వాడుకోను ఇచ్చిన. ఆయన వచ్చినాక మీది తీసుకపోన్రి అన్న."

"నువ్వే వీటిని బాగుచేసి ఇచ్చేస్తే అయిపోయేది కదా."

"నీ పని నేను చేస్తే నువ్వు వచ్చి ఏం చేస్తవు? ఉత్తగ కూసుంటే నడుం పట్టేస్తది."

వారంటీ కాగితాలు చింపే మనిషి రెండు నెలలు ఇన్ని మిక్సీల మధ్య, చేతిలో స్క్రూడ్రైవరుతో, కట్టుబాటుగా ఉన్నాడు. అది ఆయనకు ఎంత కష్టమో నా నడుముకు తెలుసు. ఒక్కో మిక్సీనీ తడుముతూ పోయాను. కింది అరలో చివరిది పట్టుకుని ఆగాను. దాని మీద కాగితం దళసరిగా ఉంది. ఒకదాని మీద ఒకటి, రెండు.

"అన్నా, దీనికి రెండు సీళ్ళున్నాయేంటి?"

గోడ అవతల కుట్టుమిషన్ చక్రం ఒక్కసారిగా జోరుగా తిరిగింది.

"మొదటిది సరిగ్గ అంటలే."

కాగితాన్ని చిరగకుండా ఒలిచి, మరలు తీసి మూత ఎత్తాను. లోపల మోటారు తళతళలాడుతోంది. దానికి కరెంటు అందించే బొగ్గులు కొత్తవి. బేరింగుకు తాజా నూనె. నేను నిట్టూర్పు వినబడనివ్వలేదు. మూత పెట్టాను, అన్ని మరలూ బిగించాను. ఒలిచిన కాగితాన్ని తీసుకుని పక్క దుకాణంలోకి వెళ్ళి, దేవుడి పటం పక్కన ఆయన సర్టిఫికెట్ల వరుసలో అంటించాను. ఆయన కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తలేదు.

"ఒక్కటే రాఘవేంద్రా," అన్నాడు. "పాణం ఆగలే."